అమ్మకు సెంట్రల్, ఆవిడకు స్ప్లిట్

ఆ ఉదయం తూనికల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందరాళే టిఫిను తినేసి, ఏసీ మాట ఎవరూ ఎత్తకముందే, మార్కెట్లో కాటాలు తనిఖీ చేసే నెపంతో వీధి మలుపు తిరిగిపోవాలి.

ఇల్లంతటికీ ఒకే యంత్రం, గదిగదికీ రేకు గొట్టాలు ఉండే సెంట్రల్ ఏసీ కావాలని ఆయన తల్లి పట్టు. గొట్టాల గొడవ లేకుండా ఏ గది గోడకు ఆ గదిలోనే స్ప్లిట్ ఏసీ బిగించాలని భార్య పట్టు. ఆయన వృత్తిధర్మం కొద్దీ తక్కెడ సమంగా ఉంచాడు. "నీ మాటే ఖాయం అమ్మా" అని తల్లితోనూ, "నువ్వన్నదే ఖాయం" అని భార్యతోనూ విడివిడిగా చెప్పి, ఆపైన "ఏసీవాళ్ళకి ఖాళీ లేదట" అని ఇద్దరి దగ్గరా రోజులు దొర్లిస్తున్నాడు. ఆయన భయం ఆయనది. తండ్రి పోయాక తల్లి వీళ్ళింటికి వచ్చింది. "నా మాట చెల్లని ఇంట్లో నేనుండను, మీ చెల్లి దగ్గరికి పోతాను" అని అప్పుడప్పుడు అంటూనే ఉంది. తెచ్చుకున్న పెట్టె ఇంకా పూర్తిగా విప్పనైనా లేదు.

ఖాళీ లేదన్నవాళ్ళకు ఆడవాళ్ళిద్దరూ ఎవరికి వారే ఫోన్ చేసుకున్నారు. ఇన్‌స్పెక్టరు చెయ్యి కడుక్కుంటూ ఉండగా గేటు ముందు రెండు వ్యాన్లు ఆగాయి.

ఆయన సెంట్రల్ వాళ్ళను పెరటి దారిన తల్లి గదిలోకి, స్ప్లిట్ మేస్త్రీని ముందుగదిలోకి పంపి, నడవ తలుపు మూసేశాడు.

"తలుపెందుకు మూస్తావురా?" అంది తల్లి.

"దుమ్మమ్మా."

ముందుగదిలో భార్య మైకు ముందు కూర్చుని పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. సూది పడిన చప్పుడైనా ఆ పేజీ మొదటినుంచి చదవాలి. "వెనకాల ఆ సుత్తి దెబ్బలేంటండీ?" అని అడిగింది.

"ఎలుకలు. అటక మీద చేరాయి."

"సుత్తులు పట్టుకుని తిరుగుతున్నాయా?"

"కన్నాలు పూడుస్తున్నారు."

గోడకు కన్నం వేస్తున్న స్ప్లిట్ మేస్త్రీ చెవిన ఈ మాట పడింది. "ఎలుకలుంటే వైర్లు మిగలవు సార్. నాకు పూచీ లేదు" అని డ్రిల్లు కింద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు సర్దిచెప్పేలోపే భార్య ఎలుకలు పట్టేవాడికి ఫోన్ చేసింది. అతను పక్కవీధి మనిషి. బోనుతో సహా దిగిపోయాడు.

బోను చూసి తల్లి ముక్కున వేలేసుకుంది. "నిన్నటిదాకా లేని ఎలుకలు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయిరా?"

"గొట్టాలు వేసేముందు చూపించుకోవాలమ్మా. రూలు."

"బాగుంది. మీ ఆఫీసులో ఎలుకలకి కూడా ముద్ర వేస్తారన్నమాట."

ఎలుకలవాడు పనివాళ్ళందరినీ దింపేసి తాను అటకెక్కాడు. డ్రిల్లూ సుత్తీ ఆగడమే చాలని భార్య మైకు ముందుకు జరిగింది. అప్పటికే సెంట్రల్ వాళ్ళు తల్లి గదినుంచి ముందుగది గోడదాకా అటక మీద గొట్టం పరిచి ఉన్నారు. స్ప్లిట్ మేస్త్రీ వేసిన కన్నం సరిగ్గా ఆ గొట్టం మూతి ముందు తేలింది. ఈ సంగతి ఎవరూ గమనించలేదు.

"ఒక్క పెంటిక కూడా లేదు సార్" అన్నాడు ఎలుకలవాడు.

వెనకే పాక్కుంటూ వచ్చిన ఇన్‌స్పెక్టరు, అతుకు పడని గొట్టం పక్కన కూలబడ్డాడు. "మెల్లగా నాయనా. ఆ ఎలుకల్ని పుట్టించింది నేనే."

"ఎందుకు సార్?"

"అమ్మకి తలుపు తీసుండాలి. మూస్తే నాన్న పిలిచినా వినపడదంటుంది. ఆయన పోయాక అంటున్న మాట అది. సెంట్రల్ అయితే ఇల్లంతా తలుపులు తీసే ఉంచచ్చు. మా ఆవిడకేమో తలుపు మూస్తేగాని పని సాగదు. గొట్టంలో గాలి హోరు మైకులో పడితే ఆ పనే ఉండదు. ఇద్దరూ అసలు కారణం ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు. ఎవరికి కాదనను? కాదంటే అమ్మ వెళ్ళిపోతుంది."

ఎలుకలవాడు ఖాళీ బోను ఎత్తి చూపించాడు. "మరి నేనేం పట్టను?"

"నీ పక్కనే ఉన్నాడుగా బాబూ" అంది గొట్టంలోంచి తల్లి గొంతు. "తోక పట్టుకుని దించు."

దిగేసరికి నడవ తలుపు బార్లా తీసి ఉంది. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు.

"కథలో హీరో చచ్చిపోయేచోట మీ ఎలుకలు మైకులో దూరాయండీ" అని భర్తతో అని, భార్య అత్తగారివైపు తిరిగింది. "గాలి కోసం తలుపు తీసుకుంటున్నారనుకున్నానత్తయ్యా. సెంట్రలే వేయిద్దాం."

"వద్దమ్మాయ్. నీ పని పాడు చేసుకుని నాకు చల్లగాలెందుకు? ఆ గోడ మిషనే పెట్టించు."

"కుదరదత్తయ్యా."

"అయితే నా మాటకి విలువ లేదన్నమాట."

"నా మాటకి మాత్రం ఉందా?"

కంగారుపడి ఇన్‌స్పెక్టరు మధ్యలోకి వచ్చాడు. "నేను చెప్పేదేంటంటే..."

"నువ్వూరుకోరా" అంది తల్లి.

"మీరు కాస్త పక్కకి జరగండి" అంది భార్య. "అత్తయ్యా, ఇలా రండి."

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి, వచ్చిన పనివాళ్ళందరికీ టీ కలిపి, బయటికి వచ్చేసరికి తేల్చేశారు. ముందుగదిలో ఒక స్ప్లిట్, తలుపు మూసుకుని. హాల్లో పెద్దది ఒకటి, తల్లి గది తలుపు హాల్లోకి తీసి ఉంచుకుని. గొట్టం వాపసు. చెల్లెలి ఇంటి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ విషయమైనా అత్తాకోడళ్ళిద్దరూ కలిసే నిర్ణయిస్తున్నారు. వీలు చూసుకుని ఇన్‌స్పెక్టరుగారికి కూడా తెలియజేస్తున్నారు.