దాల్చినచెక్క స్కాన్

నల్లగండ్లలోని విండ్సర్ మామిడితోట రెసిడెన్సీ నివాసులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, సి బ్లాకులో ఉండే నవనీతకు గత ఆదివారం మన సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తెలిపిన అభినందనలను, తగిన విచారణ అనంతరం, అంతే ఏకగ్రీవంగా ఉపసంహరించుకోవడమైనది. ఆ సాయంత్రం సదరు నవనీత క్లబ్‌హౌస్‌కు తెచ్చినవి కేవలం తినుబండారాలని నిర్ధారణ అయినందున ఈ నిర్ణయం తీసుకోక తప్పలేదు.

ఈ ప్రకటనను లిఫ్టులన్నింటిలో అంటించాం. అయినా కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు కొందరు అసలేం జరిగిందని అడుగుతూనే ఉన్నారు. సంఘంలో సభ్యత్వం ఉన్నవాణ్ణి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

మా రెసిడెన్సీలో విండ్సర్ అన్నవాడెవడూ లేడు, మామిడితోట అంతకన్నా లేదు. ఉన్నదల్లా మర్యాద. ఇక్కడ ఎవరూ ఎవరి సొంత విషయాల్లోనూ తలదూర్చరు. నవనీత పెళ్ళయి ఇక్కడికొచ్చిన ఆరేళ్ళలో ఆమెను ఎవరైనా నొప్పించారేమో కనుక్కోండి, ఒక్కరు కూడా దొరకరు. లిఫ్టులో కనబడితే "ఏమైనా విశేషమా?" అని అడుగుతారు, అంతే. పార్కింగులో అడుగుతారు. ఈత కొలను పక్కన అడుగుతారు. కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయిన రోజున ఒకావిడ ఆ చీకట్లో కూడా అడిగింది. తెలుగునాట విశేషం అంటే ఏమిటో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మొన్నామధ్య నవనీత దగ్గర నిజంగానే ఒక విశేషం ఉంది. హైటెక్ సిటీలో ఆమె పనిచేసే ఆఫీసులో కొత్త ప్రాజెక్టుకు ఆమెను లీడ్‌గా వేశారు. ఆ మాట అడిగినవాళ్ళందరికీ సంతోషంగా చెప్పింది. "అది సరేలేమ్మా, అసలు విశేషం సంగతేంటి?" అన్నారు అందరూ. అలా అనడంలో ఎవరికీ దురుద్దేశం లేదని సంఘం తరఫున హామీ ఇవ్వగలను.

అప్పుడు ఆమెకొక కోరిక పుట్టింది. ఒక్కరోజైనా, ఒక్క మనిషైనా తనను ఇంకో ప్రశ్న అడగాలి. "ఎలా చేశావు?" అని అడిగినా చాలు. ఇంతకు మించి ఆమె ఏమీ కోరలేదు. వినడానికి చిన్న కోరికే. ఆ చిన్న ప్రశ్న కోసం ఆమె లోపల ఎంత విసిగిపోయి ఉందో తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

సరిగ్గా అదే సమయానికి సంఘం 'ఇంటి ఓవెన్ ఆదివారం' ప్రకటించింది. మా రెసిడెన్సీలో ఇప్పుడు ఎవరూ వంట చేయరు, బేకింగ్ చేస్తారు. వంట చేయడానికి వంటమనుషులున్నారు. బేకింగ్ మాత్రం సొంత చేతులతోనే చేయాలి, లేకపోతే ఫొటోలో కనిపించే ఆ చేతులెవరివని అడుగుతారు. ప్రతి వంటకంలోనూ ఓట్స్ తప్పనిసరి అని షరతు పెట్టారు. ఓట్స్ కలిస్తే వెన్న కూడా ఆరోగ్యమే అవుతుందని ఆరోగ్య ఉపసంఘం అప్పటికే తేల్చి ఉంది. నవనీత దాల్చినచెక్క వేసి ఓట్స్ స్కోన్లు, అంటే ఇంగ్లిషువాళ్ళు టీతో తినే చిన్న బన్నుల్లాంటివి, చేద్దామని నిశ్చయించుకుంది.

మొదటిసారి ఆమె పిండిని చపాతీల పిండిలా పిసికింది. పిసకడం మన రక్తంలో ఉంది, పిండి కనబడితే చెయ్యి ఊరుకోదు. వచ్చినవాటిని కొరకడానికి ఆమె భర్త సాయిచంద్ నిజాయితీగా ప్రయత్నించాడు. "రంగైతే మస్తుంది" అన్నాడు, దవడ పట్టుకుని. రెండోసారి వెన్న ముందే కరిగిపోయి అంతా కలిసి ఒక్క దిబ్బరొట్టెలా పరుచుకుంది. మూడోసారి ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను మైదాలో వేళ్ళ కొసలతో నలిపి, ఓట్స్, బెల్లంపొడి, దాల్చినచెక్క పొడి కలిపి, కాసింత మజ్జిగ చల్లి, పిసకాలనిపించినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని, ముద్దను ఊరికే దగ్గరకు చేసి ముక్కలు కోసింది. అవి ఓవెన్లో చక్కగా పొంగాయి. దాల్చినచెక్క వాసనకు కింది అంతస్తువాళ్ళు బిర్యానీ అనుకుని గిన్నె పట్టుకుని వచ్చారు. అవి స్కోన్లని తెలిసి, గిన్నెతోనే వెళ్ళిపోయారు.

ఇక పేరు నమోదు చేయించడానికి నవనీత సంఘం అధ్యక్షురాలు రత్నమాల గారి దగ్గరికి వెళ్ళింది. రత్నమాల గారు కూకట్‌పల్లి నుంచి ఇక్కడికి మారిన తర్వాతే మా రెసిడెన్సీకి క్రమశిక్షణ వచ్చింది. ఆవిడ ఒకసారి లండన్‌లో కొన్నాళ్ళున్నారు. ఆ కొన్నాళ్ళను ఇంకా ఖర్చు చేస్తూనే ఉన్నారు.

"స్కోన్ కాదమ్మా, స్కాన్ అనాలి" అన్నారు ఆవిడ. "మేం లండన్‌లో చూశాం కదండీ, అక్కడ పెద్దింటివాళ్ళంతా స్కాన్ అనే అంటారు. రేపు ఎవరైనా వింటే మన రెసిడెన్సీ పరువేం కావాలి?"

పరువు సంగతి కనుక అది ఆదేశమైంది. రత్నమాల గారు వాట్సాప్ గ్రూపులో స్వయంగా ప్రకటించారు: 'ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో నవనీత తన స్కాన్ అందరికీ చూపిస్తారు. అందరూ తప్పక రావాలి.' సాయిచంద్ కూడా బుద్ధిగా స్కాన్ అనడమే అలవాటు చేసుకున్నాడు. ఆ ఊపులోనే నార్సింగిలో అన్నగారింట్లో ఉండే తల్లి ఈశ్వరమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నవనీత స్కాన్ మంచిగొచ్చింది."

"ఏందిరా? ఏమన్నవ్?"

"స్కానమ్మా, స్కాన్. మొదట్ల రెండుసార్లు ఖరాబైంది. నీకు చెప్పలే. ఈసారి మంచిగొచ్చింది."

"అయ్యో బిడ్డా! రెండుసార్లు ఖరాబైతె నాకు ఒక్క మాటన్న చెప్పకపోతిరి. ఇంతకు ఎన్ని?"

"ఎనిమిది. ఆదివారం అందరికి సూపిస్తం. నువ్వు గూడ రా."

ఈశ్వరమ్మకు ఇంగ్లిషు రాదనుకోకండి. దవాఖానకు తిరిగే ప్రతి మనిషికీ వచ్చినంత వచ్చు. పెద్దకోడలి రెండు కాన్పుల్లోనూ స్కాన్ అంటే ఏమిటో, దాన్ని వారాల లెక్కన ఎలా చెబుతారో ఆమె దగ్గరుండి చూసింది. ఎనిమిది అంటే ఎనిమిది వారాలని అర్థం చేసుకుంది. లండన్ పెద్దింటివాళ్ళ స్కాన్ గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫోన్ పెట్టేసి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పులిహోరకు చింతపండు నానబెట్టింది.

ఆదివారం ఆమె ఆటో దిగగానే గేటు దగ్గర కొమురయ్య అడ్డుకున్నాడు. మా సెక్యూరిటీ కొమురయ్య ఎవరినైనా సరే పని కనుక్కోకుండా లోపలికి పంపడు.

"ఏ ఫ్లాటు? ఏం పని మీదొచ్చినవమ్మా?"

"నా చిన్నకోడలు నీళ్ళోసుకున్నది బిడ్డా. గదీ పని. ఇగ గేటు తియ్యి."

కొమురయ్య ఆ వార్తను ఇంటర్‌కామ్‌లో బ్లాకు బ్లాకుకూ నివేదించాడు. సి బ్లాకులో ఎవరో నీళ్ళు పోసుకున్నారని మొదట విన్న ట్యాంకర్ల ఉపసంఘం, ఇంత నీటి ఎద్దడిలో ఎవరికా ధైర్యం వచ్చిందని విచారణకు బయలుదేరింది. సగం దారిలో అసలు అర్థం తెలిసి వాళ్ళు కూడా సంతోషించారు. ఇక వాట్సాప్ ప్రకటనను అందరూ మళ్ళీ చదువుకున్నారు. 'నవనీత తన స్కాన్ అందరికీ చూపిస్తారు.' ఈ కాలం పిల్లల ధైర్యమే ధైర్యమని మెచ్చుకున్నారు. అది తినే స్కాన్ అని ఎరిగిన రత్నమాల గారు సైతం గాజుల కవరుతో లిఫ్టెక్కుతున్న ఈశ్వరమ్మను చూశాక, నవనీత తినే స్కాన్ చాటున అసలు స్కాన్ చెప్పదలచుకుందని గ్రహించి, ఉపన్యాసం మార్చి రాసుకున్నారు.

ఆ సాయంత్రం క్లబ్‌హౌస్ కిటకిటలాడింది. మురుగునీటి శుద్ధి మీద పెట్టిన సమావేశానికి కుర్చీలు తప్ప ఎవరూ రాని చోట ఇప్పుడు నిలబడడానికి చోటు లేదు. ఈశ్వరమ్మ కొడుకింటికి తాళం ఉండడం చూసి నేరుగా అక్కడికే వచ్చి కూర్చుంది. నవనీత పళ్ళెం పట్టుకుని లోపలికి అడుగుపెట్టగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అవి తన స్కోన్లకే అనుకుంది ఆమె. ముఖం వెలిగిపోయింది. "చూశారా, అప్పుడే ముఖంలో కళ వచ్చేసింది" అన్నారు ఆడవాళ్ళు.

ఒక పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నారమ్మా?" అని అడిగింది. తాను ఎదురుచూసిన ఆ ఇంకో ప్రశ్న ఎట్టకేలకు వచ్చిందని నవనీత పొంగిపోయింది.

"రెండు వారాల నుంచే ఆంటీ. మొదట్లో కుదరలేదు. తర్వాత యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాం."

పెద్దావిడ చేయి వదిలేసి, కొంచెం దూరం జరిగి కూర్చుంది.

ఈలోగా ఈశ్వరమ్మ వచ్చి కోడలి చేతిలోంచి పళ్ళెం లాక్కుంది. "బరువులు ఎత్తకు బిడ్డా" అంది. నవనీత ఒక స్కోన్ తీసి నోట్లో పెట్టుకోబోతే అదీ లాక్కుంది. "దాల్చినచెక్క వేడి. నువ్వు తినొద్దు." పళ్ళేన్ని మూలబల్ల మీదికి చేర్చారు. అందరి చేతుల్లోకీ పులిహోర ప్లేట్లు వచ్చాయి.

రత్నమాల గారు మైకు అందుకున్నారు. "ఆడజన్మకు అర్థం ఏమిటండీ? ఆఫీసా? ప్రమోషనా? ఎన్ని మెట్లెక్కినా చివరకు చేరాల్సిన మెట్టు ఒకటుందని మన నవనీత ఇవాళ నిరూపించింది. ఆలస్యమైనా ఆనందమేనండి. ఈ శుభసందర్భాన సంఘం తరఫున ఏకగ్రీవంగా అభినందనలు తెలుపుతున్నాం!" చప్పట్లతో అభినందన ఆమోదం పొందింది. ఓట్స్ స్కోన్ గురించి ఇంత లోతైన ఉపన్యాసం ఎందుకో నవనీతకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పినవాడు బాలు. అతను ఆమె ఆఫీసులో మేనేజరు, ఇక్కడే డి బ్లాకులో ఉంటాడు. మనసున్న మనిషి. పులిహోర తింటూనే ఆమె దగ్గరకు వచ్చాడు.

"నువ్వేం టెన్షన్ పడకు నవనీతా. కొత్త ప్రాజెక్టు లీడ్ అనిల్‌కి ఇచ్చేశా. ఇందాకే మెసేజ్ పెట్టా. నువ్వు హ్యాపీగా రెస్ట్ తీసుకో."

"రెస్ట్ ఎందుకు సర్?"

బాలు సిగ్గుపడి పులిహోర వైపు చూశాడు. నవనీత అత్తగారి వైపు చూసింది, ఆమె ఒళ్ళోని గాజులు చూసింది, తన నుదుటి మీద ఎవరెవరో పెట్టిన బొట్లు వేలితో తడుముకుంది. తర్వాత రత్నమాల గారి చేతిలోంచి మైకు తీసుకుంది.

"నేను కడుపుతో లేను. అక్కడ మూలబల్ల మీద ఉన్నవి స్కోన్లు. తినేవి. నేనే చేశాను."

ప్రతి మాటా స్పష్టంగానే వినబడింది.  ముందుగా తేరుకున్నవాళ్ళు పులిహోర గబగబా ముగించారు. అంతమందిలో ఒక్కరైనా మూలబల్ల వైపు చూస్తారని నేను అనుకున్నాను. ఎవరూ చూడలేదు. అందరూ ఆమె చుట్టూ చేరి, ఇంతకుముందు కంటే రెట్టింపు ప్రేమతో ఓదార్చారు. ఒకరు కొండాపూర్‌లో ఒక డాక్టరు పేరు చెప్పారు. ఒకరు కషాయం చెప్పారు. ఒకాయన సాయిచంద్‌ను పక్కకు తీసుకెళ్ళి, లోపం మగవాళ్ళలో కూడా ఉండవచ్చని గుసగుసగా అన్నాడు, అందరికీ వినబడేలా. ఈశ్వరమ్మ మాత్రం గాజులు ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆమెను చూస్తే నాకు జాలేసింది. నవనీతను చూస్తే అంతకన్నా ఎక్కువగా బాధ కలిగింది.

నవనీత బాలు దగ్గరకు వెళ్ళి, ప్రాజెక్టు సంగతి అడిగింది.

"అనిల్‌కి మాటిచ్చేశాక వెనక్కి తీసుకుంటే బాగోదు కదా" అన్నాడతను నొచ్చుకుంటూ. "అయినా ఇవాళ కాకపోతే రేపైనా నీకు రెస్ట్ కావాల్సిందే కదా."

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమై అభినందనలను వెనక్కి తీసుకుంది. దవాఖాన పరీక్షల పేర్లు పోలిన వంటకాలను క్లబ్‌హౌస్‌లోకి అనుమతించరాదని తీర్మానించింది. ఇకపై కేకు మాత్రమే. స్కాన్‌ను స్కోన్ అనాలా అన్న చర్చలో రత్నమాల గారు తన లండన్ అనుభవానికే కట్టుబడి ఉన్నారు.

పళ్ళెంలో వెళ్ళిన స్కోన్లు పళ్ళెంలోనే ఇంటికి తిరిగొచ్చాయి. సాయంత్రం బాల్కనీలో నవనీత టీలో ముంచుకుని వాటిని ఒక్కతే తింటుంటే, ఎదురు బ్లాకు నుంచి నాకు కనిపించింది. చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు.

జరిగింది ఇదే. ఇంత ఓపికగా విన్నారు కాబట్టి మీరూ మా రెసిడెన్సీలో ఉండదగినవారే. మీ మనసులో ఒక ప్రశ్న మెదులుతోందని నాకు తెలుసు, మర్యాద కొద్దీ ఆగారంతే: 'ఇంతకీ ఆరేళ్ళయినా వాళ్ళకు పిల్లలెందుకు లేరట?' జవాబు నాకూ తెలియదు, సంఘం ఆరా తీస్తోంది. స్కోన్లు ఎలా కుదిరాయని మాత్రం మీరు కూడా అడగలేదు.