సందు లేని దుఫియె

"రాత్రి నా పళ్ళన్నీ ఊడి నా చేతిలోనే పడ్డాయే దుఫియే. పడి ఊరుకున్నాయా? ఈల వేశాయి. ఈ ఇంట్లో ఏదో జరగబోతోంది," అంది బిరాగో.

అప్పటికింకా ఏమీ జరగలేదు. గురువారం పొద్దున. ఎడారి వైపు నుంచి వచ్చే హర్మటాన్ గాలి కుమాసి ఊరంతటి మీదా పిండి జల్లించినట్టు తెల్లటి దుమ్ము జల్లుతోంది. ఎదురింటి రేకుల కప్పు కాసేపు కనబడుతోంది, కాసేపు మాయమవుతోంది. సూర్యుడు పాలగిన్నెలో పడిన బిళ్ళలా ఉన్నాడు. ఇలాంటి రోజుల్లో బిరాగోకి తాను నిద్ర లేచిందో లేదో ఒక పట్టాన తేలదు. కల ఎక్కడ ఆగిందో, కుంపటి ఎక్కడ మొదలైందో చెప్పలేక మధ్యలో ఎక్కడో నిలబడి జావ కలుపుతోంది.

"కల్లో పళ్ళూడితే చావు కబురంటావు కదమ్మా. ఎవరి పళ్ళు?"

"నావే."

"అయితే నువ్వేగా పోయేది. శనివారం దాకా ఆగు, సరదాగా పెళ్ళి చూసి పోదువుగాని," అని దుఫియె నవ్వింది.

ఆ మాటల్లో 'స' వచ్చిన చోటల్లా చిన్న ఈల వినిపించింది. దుఫియె ముందు పళ్ళు రెండింటి మధ్యా వేరుశెనగ బద్ద దూరేంత సందు ఉంది. ఆ ఊళ్ళో అది అందానికి గుర్తు, దాని కోసం అమ్మాయిలు తపస్సు చేస్తారు. బడిలో దుఫియె దగ్గర చదువుకునే పసిపిల్లలు కూడా పాఠం అప్పజెప్పేటప్పుడు 'స' దగ్గర ఈల వేస్తారు. పెళ్ళికొడుకు ఓటెంగ్ నానమ్మ అఫ్రకోమా అయితే ఆ ఈల వినే సంబంధం ఖాయం చేసింది. ముసలమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. ఆవిడకి ఏడాది పొడుగునా హర్మటానే. "ఎవరా ఈల పిల్ల? వయసులో నాకూ అలాంటి సందే ఉండేది. నా మనవడికి ఆ పిల్లే కావాలి. ఇంకో పిల్లని తెచ్చి నిలబెడితే నేను లేచి వెళ్ళిపోతాను," అని నలుగురిలో చెప్పేసింది. ఆ ఇంట్లో ఆవిడ లేచి వెళ్తే వెనకాలే అందరూ లేచి వెళ్తారు.

అందుకే బిరాగో బెంగంతా ఆ సందు మీదే. శనివారం పొద్దున వాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఇచ్చే మద్యం సీసాలూ బట్టలూ పట్టుకుని వస్తారు. అంతవరకూ ఆ పళ్ళు పదిలంగా ఉండాలి. కూతురి చేతిలోని పల్లీ పట్టీ లాక్కుని గుమ్మం బయటికి విసిరేసింది. కాల్చిన మొక్కజొన్న కండె పక్కింటి కోడికి పెట్టేసింది. "శనివారం దాకా నీకు జావ తప్ప ఇంకేం లేదు. జావలో పళ్ళతో పని లేదు," అంది. కాని ఆ బెంగలో, తెల్లటి ఆ మసకలో, జావకి బియ్యం సరిగ్గా ఏరలేదు.

రెండో గరిటెలో రాయి వచ్చింది.

టప్ మన్న చప్పుడు వీధిలోకి వినిపించిందని తర్వాత పక్కింటి టైలరమ్మ చెప్పింది. దుఫియె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీస్తే ఎడమ వైపు ముందు పన్ను సగమే ఉంది.

"నేను చెప్పలే! నేను చెప్పలే!" అని బిరాగో నెత్తి బాదుకుంది.

"నువ్వు చెప్పావు, నువ్వే వండావు," అంది దుఫియె.

పళ్ళ డాక్టరు లాంప్టే సముద్రం వైపు నుంచి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడు. చూసి, "భయం లేదమ్మా. వేరు గట్టిగా ఉంది. మిగిలిన పన్ను చుట్టూ కాస్త అరగదీసి, పైన పింగాణీ తొడుగు వేస్తాను. శనివారం పొద్దున రండి, తొడిగి పంపుతాను," అన్నాడు. దుఫియె నోట్లోకి గులాబీ రంగు ముద్ద నిండా కూరి, అచ్చు తీయడానికి "కదలకండి" అన్నాడు. అప్పుడు బిరాగో వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"అమ్మా, సందు ఉంచమంటారా?"

బిరాగో కళ్ళ ముందు పొద్దుటి నుంచీ ఒకటే బొమ్మ ఉంది. విరిగిన పన్ను దగ్గర నల్లగా కన్నం. ఆ కన్నంలోంచి పెళ్ళివారు ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోతున్నట్టు కూడా కనబడుతోంది.

"సందా! బాబూ, వెంట్రుక దూరే సందు కూడా ఉండకూడదు!"

"ఖాయమేనా? చాలామంది ఉంచమని బతిమాలుతారు."

"వాళ్ళకి పిచ్చి! విరిగిన సందు పెట్టుకుని ఎవరైనా పెళ్ళి పీట మీద కూర్చుంటారా?"

'విరిగిన' అన్న మాట పక్క గదిలో పళ్ళు అరగదీసే యంత్రం మోతలో కలిసిపోయింది. కుర్చీలో దుఫియె "ఊఁ! ఊఁ!" అంటూ కాళ్ళు తన్నుకుంది. నోటి నిండా ముద్ద.

"నొప్పి పుడుతోంది పాపం," అని బిరాగో ఆమె కాళ్ళు గట్టిగా పట్టుకుంది.

బయటికి వచ్చాక దుఫియె గట్టిగానే అడిగింది, "అమ్మా, సందు ఉంచమని చెప్పావా, లేదా?" అని. "అంతా చెప్పాను. సందు గురించి రెండుసార్లు మాట్లాడాను," అంది బిరాగో. అందులో అబద్ధం లేదు.

శనివారం పొద్దున మత్తు సూది వేసి డాక్టరు పన్ను తొడిగాడు. "ఇవాళ్టికి తాత్కాలికంగా అంటించానమ్మా. రంగు, కొలత చూసుకుని సోమవారం వస్తే గట్టిగా అతికిస్తాను. జిగురుగా ఉన్నవేవీ తినొద్దు," అన్నాడు. అద్దం చేతికిచ్చాడు. దుఫియె అద్దంలో చూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. బిరాగోకి కూడా తిరిగాయి. ఆనందం అంటే ఇదే అనుకుంది.

టాక్సీలో దుఫియె తల్లి భుజం కుదిపి పళ్ళు చూపించింది. తెల్లగా, నున్నగా, తలుపు రెక్కలు రెండూ మూసినట్టు ఉన్నాయి.

"దుఫియే," అంది బిరాగో దగ్గరికి వంగి చూసి, "నీ సందేదే?"

"నువ్వే కదా వద్దన్నావు!" అనబోయింది దుఫియె. పెదవులు సగం మొద్దుబారి ఉన్నాయి. "నుఫ్వే వద్దన్నాఫ్," అని వచ్చింది. 'స' అని చూసింది. ఈల లేదు. నత్తి మాత్రం వచ్చింది.

కిటికీ బయట ఊరు తెల్లటి దుమ్ములో తేలిపోతోంది. కుమాసి మొత్తానికీ ఎవరో పింగాణీ తొడుగు వేశారనిపించింది బిరాగోకి. వెనక్కి తిప్పమందామంటే వీధి చివర అప్పుడే డప్పులు మోగుతున్నాయి. పెళ్ళివారు వచ్చేశారు.

ఇంటి ముందు పందిరిలో రెండు వైపులా కుర్చీలు. ఆ వైపు ముందు వరుసలో అఫ్రకోమా, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఈ వైపు, పెళ్ళికూతురి తరఫున మాట్లాడే పొమా పిన్ని. ఆనవాయితీ ప్రకారం మొదట సరదాకి దొంగ పెళ్ళికూతుర్ని తేవాలి. నిండా బట్ట కప్పి పక్కింటి టైలరమ్మని తెచ్చి నిలబెట్టారు.

"ఇదిగో మీ పిల్ల!" అంది పొమా.

"ఆ అడుగుల చప్పుడుకి నా కుర్చీ ఊగింది. మాది కాదు, తీసుకుపొండి," అంది అఫ్రకోమా. పందిరంతా గొల్లుమంది. టైలరమ్మ బట్ట విసిరేసి డాన్సు చేస్తూ వెళ్ళింది.

తర్వాత దుఫియెని తెచ్చారు. డప్పులు జోరందుకున్నాయి. బట్ట తీశారు. ఓటెంగ్ మొహం విచ్చుకుంది.

"ఏదీ, నాతో ఒక మాట మాట్లాడు తల్లీ," అంది ముసలమ్మ.

"నమత్కారం నానమ్మా," అంది దుఫియె.

ముసలమ్మ తల పక్కకి వంచి వింది. కర్రతో నేల మీద టక్కున కొట్టింది. "ఇది కూడా మాది కాదు."

పందిరి మళ్ళీ గొల్లుమంది. పెద్దావిడ ఆటని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళిందని పొమా పిన్ని మురిసిపోయింది. "అలాగా! అసలు పిల్ల చాలా దూరం వెళ్ళింది, రప్పించాలంటే ఇంకో సీసా ఖర్చవుతుంది," అని సీసా పుచ్చుకుని, దుఫియెని లోపలికి తీసుకెళ్ళి, గుమ్మం దగ్గర ఒక చుట్టు తిప్పి మళ్ళీ తెచ్చింది.

"ఇందాకటి నత్తి పిల్లే కదా," అంది అఫ్రకోమా. ఈసారి ఎవరూ నవ్వలేదు. "నా పిల్ల నోరు విప్పితే గాలి వస్తుంది. ఈ పిల్ల నోరు విప్పితే తలుపు వేసినట్టుంది. ఎవరిని తెచ్చి ఎవరికి అంటగడుతున్నారు?"

"నానమ్మా, దుఫియేనే! నాకు తెలీదా?" అన్నాడు ఓటెంగ్.

"నీకేం తెలుసురా? ఇవాళ పట్టుబట్ట కట్టిన ప్రతి పిల్లా నీ కంటికి దుఫియేలాగే ఉంటుంది."

పొమా పిన్ని దుఫియెని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళింది. పెళ్ళివారి వైపు గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో "అసలు పిల్ల కాదట" అన్నారు. మధ్య వరుసకి వచ్చేసరికి అసలు పిల్ల పారిపోయింది. వెనక డప్పుల వాళ్ళ దగ్గరికి చేరేసరికి పాపం గురువారం ఏదో తిని పోయింది, ఇది వాళ్ళ అక్క. ఆ కబురు పందిరి వెనకగా తిరిగి, వంట దగ్గర నిలబడ్డ బిరాగో చెవిలో పడింది.

"మీకు తెలుసా? పెళ్ళికూతురు చచ్చిపోయిందట," అంది ఎవరో చుట్టాలావిడ, సూపు కలుపుతూ.

బిరాగోకి గుర్తొచ్చింది. పళ్ళు చేతిలో పడ్డ కల. చావు కబురు. పొగా దుమ్మూ కలిసి చుట్టూ తెల్లబడి కంటికేదీ ఆనడం లేదు. "అయ్యో నా తల్లీ!" అని నడుముకి బట్ట బిగించి శోకం మొదలుపెట్టబోయింది. లోపలి గది నుంచి దుఫియె వచ్చి నోరు నొక్కింది.

"అమ్మా! నేను బతికే ఉన్నాను!"

"నిజంగానా?" అంది బిరాగో, చెంపలు తడిమి చూసి. "అయితే ఎందుకే ఇలా పాలిపోయావు? పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. కళ్ళు తిరిగి అందరి ముందూ పడిపోతావు. ఇంద, ముందు ఇది చప్పరించు." కొంగు ముడి విప్పి, ఎప్పటినుంచో దాచిన పెద్ద పాల టాఫీ ఒకటి తీసి, కాదనేలోపు కూతురి నోట్లో పెట్టేసింది.

అప్పుడే బయట బిరాగో అన్న సార్పాంగ్ లేచాడు. మేనమామ కాబట్టి పెద్దరికం ఆయనది. ఎండ ఎక్కుతోంది కాబట్టి విసుగు కూడా ఆయనదే. "ఎవరో ఏమిటో తర్వాత తేల్చుకుందాం. పిల్లని తీసుకురండి, అడగాల్సింది అడుగుతాను," అన్నాడు.

దుఫియె వచ్చి నిలబడింది. వెనకాలే బిరాగో.

"దుఫియే! వీళ్ళు తెచ్చిన సీసాలు తీసుకోమంటావా?"

మూడుసార్లు అడగాలి, మూడుసార్లూ పిల్ల చెప్పాలి. చెబితేనే సంబంధం. దుఫియె దవడలు కదిలాయి. మాట రాలేదు.

"తీసుకోమంటావా?" అన్నాడు సార్పాంగ్ రెండోసారి, కాస్త గట్టిగా.

దుఫియె కళ్ళు పెద్దవి చేసి తల్లి వైపు చూసింది. పైపళ్ళూ కిందిపళ్ళూ టాఫీతో అతుక్కుపోయాయని బిరాగోకి ఒక్కదానికే తెలుసు. నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు. ఓటెంగ్ లేచి నిలబడ్డాడు. టోపీ తీసి గుండెలకి హత్తుకున్నాడు. ఆ పిల్ల తనని కాదంటోందని అతని మొహం మీద రాసినట్టుంది. డప్పులు ఆగాయి. తెల్లటి దుమ్ము కుర్చీల మధ్యగా, మనుషుల మధ్యగా, ఎవరికీ తొందర లేనట్టు మెల్లగా దిగుతోంది.

"ఆఖరుసారి అడుగుతున్నానమ్మా. తీసుకోమంటావా, వద్దా?"

దుఫియె ఓటెంగ్‌ని చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, దవడలు రెండూ బలంగా లాగింది. టక్ మంది. వెనక్కి తిరిగి, నోట్లోది తల్లి దోసిట్లో ఊసేసింది. బిరాగో చూసుకుంది. టాఫీ ముద్దలో గుచ్చుకుని, ముత్యంలా మెరుస్తూ, ఒక పన్ను. అచ్చం కలలో లాగే, తన చేతిలోనే. ఇక మిగిలింది ఈలే.

దుఫియె ముందుకి తిరిగింది. మత్తు కూడా అప్పుడే విడుతోంది.

"తీసుకోండి!" అంది. "తీసుకోండి! తీసుకోండి, మామయ్యా!"

ఈల పందిరి దాటి వీధిలోకి పోయింది. పక్కింటి కోడి ఉలిక్కిపడింది. పెళ్ళికొచ్చిన బడిపిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బదులు ఈల వేశారు. కాని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ అఫ్రకోమా వైపే చూస్తున్నారు. ముసలమ్మ కర్ర మీద గడ్డం ఆనించి, తల పక్కకి వంచి, ఆ ఈల ఇంకా గాలిలో ఎక్కడో తిరుగుతుంటే దాన్ని వెంబడిస్తున్నట్టు, కళ్ళు మూసుకుని ఉండిపోయింది. సార్పాంగ్ కూర్చున్నాడు. ఓటెంగ్ చేతిలోని టోపీ నలిపేస్తున్నాడు. లేచి వెళ్ళిపోతుందేమోనని బిరాగో చేతిలోని పన్నుని పిడికిట్లో బిగించి, తెలిసిన దేవుణ్ణల్లా పిలిచింది.

"ఇది మా పిల్లే," అంది అఫ్రకోమా చివరికి. "సందు మాత్రం కాస్త పెరిగింది, ఈ రెండ్రోజులూ తిండి బాగా పెట్టినట్టున్నారు."