ఫ్లాష్ ఎంపిక సంఘం, ఎమ్మిగనూరు శాఖ

ఇంట్లో ఫోటోలు తీసుకోవడానికి ఒక చిన్న ఫ్లాష్ కొనదలచిన ప్రతి కుటుంబమూ ముందుగా ఒక ఎంపిక సంఘాన్ని ఏర్పాటు చేసుకొని తీరాలి. ఈ నిబంధన ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు ఉల్లంఘించేవారు.

మా సంఘానికి అధ్యక్షుడు ఆదోనిలో ఉండే మా అన్న దేవేంద్రప్ప. కెమెరా ఆయనది కాబట్టి ఆ పదవికి పోటీ లేదు. ఎమ్మిగనూరు పాతింట్లో అమ్మ దగ్గర ఉండేది నేను కాబట్టి కార్యదర్శి పదవి, అంటే పని చేసే పదవి, నాకు వచ్చింది. మా ఆవిడ వసంత సభ్యురాలు. మా అమ్మ హులిగమ్మకు మాత్రం సంఘంలో చోటు లేదు (లబ్ధిదారులు సభ్యులుగా ఉండరాదు).

అమ్మ లబ్ధిదారు ఎలా అయిందో చెప్పాలి. మా ఇంటికి ఉన్నది ఒకటే కిటికీ. దాని పక్కనే మగ్గం. వెలుతురు మీద మొదటి హక్కు మగ్గానిది, మిగిలింది మనుషులది. అమ్మ కూర్చునేది వంటింటి గడప దగ్గర. అక్కడిదాకా ఏమీ మిగలదు. అందుకే మా ఫోటోలన్నిటిలో అందరమూ ఉంటాం, అమ్మ ఉండాల్సిన చోట నల్లటి ఆకారం ఒకటి ఉంటుంది. బయట దిగవచ్చు కదా అంటారేమో. దిగాం. ఆ ఫోటోలో మావాళ్లు ఆరుగురు, వీధివాళ్లు పదకొండు మంది.

పోయిన ఉగాది ఫోటోను అమ్మ దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది.

“అందురూ బాగుండారు. నేను యాడుండానప్పా?”

“ఇదో, ఈడ” అని నల్లటి చోట వేలు పెట్టాను.

“అది నేనా? గోనెసంచి అనుకుంటి” అంది. ఫోటో నా చేతికిచ్చి, “సచ్చేలోగా ఒక్క ఫోటోలోనన్నా నా మొగం సూసుకోవల్ల నాయనా” అంది.

నాకు సిగ్గేసింది. సంఘం ఆ సాయంత్రమే ఏర్పడింది.

తొలి సమావేశం (ఫోన్లో) ఒక తీర్మానం చేసింది: ఫ్లాష్ చిన్నది, చవకది, గొప్పది అయి ఉండాలి. ఈ మూడూ ఉన్నవి కొనుగోళ్ల యాప్‌లో నాలుగు వందల పన్నెండు కనిపించాయి. కొన్నవాళ్ల అభిప్రాయాలు చదవమని అధ్యక్షుడు ఆదేశించాడు. “చాలా బాగుంది, పెట్టె ఇంకా తెరవలేదు” అని ఒకాయన అయిదు చుక్కలిచ్చాడు. “మా బావకు నచ్చలేదు” అని ఇంకొకాయన ఒకటే ఇచ్చాడు. ఆ బావ ఎవరో తేలేదాకా కొనుగోలు వాయిదా పడింది. నేను పట్టిక తయారు చేసేసరికి నాలుగు నెలలు గడిచాయి, పట్టికలో ఉన్న వాటిలో సగం తయారీ ఆగిపోయింది.

చివరికి ఒకటి తెప్పించాం. అది వెలగలేదు. వెనక్కి తీసుకోవాలంటే వెలగడం లేదని ఫోటో పంపమంది యాప్. మగ్గం మీద పెట్టి తీసి పంపాను. జవాబు వచ్చింది: “ఫోటోలో వెలుతురు చాలలేదు. దయచేసి ఫ్లాష్ వాడి మళ్లీ తీయండి.” (ఈ వాక్యం మీద మాకు ఇప్పటికీ గౌరవం ఉంది.) వీధిలోకి తెచ్చి తీశాను. పదకొండు మంది సాక్షులు కూడా అందులో పడ్డారు కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఆదోనిలో బజారి అనే ఆయన ఫోటో సామాన్ల అంగడికి వెళ్లాను. పట్టిక ఆయన ముందు పరిచాను. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

“చిన్నిల్లా, పెద్దిల్లా అన్నా?”

“చిన్నిల్లే.”

“అట్లయితే ఈ చిన్నది సాలు. నేరుగా మొగం మీద కొట్టద్దు, సున్నం పూసినట్ల వస్తాది. దీని తల పైకి తిప్పు. వెలుగు పైన మిద్దెకు తగిలి మెత్తగా దిగుతాది.”

“మా మిద్దె పొగకు నల్లగుండాది.”

“తెల్లగుడ్డ అడ్డం పట్టుకోండప్పా. నేసేటోళ్లకు గుడ్డకేం కరువు?”

టీ చల్లారేలోగా పని ముగిసింది. అధ్యక్షుడు దీన్ని విధానపరమైన లోపంగా పరిగణించాడు.

తెల్లగుడ్డ విషయంలో మాత్రం వసంత అడ్డం తిరిగింది. “బతికుండే మనిసి నెత్తిన తెల్లగుడ్డ పట్టేదేంది? నీకు తల పనిచేస్తాండాదా?” అని దాన్ని శుభ్రంగా పసుపునీళ్లలో ముంచి ఆరేసింది. ఆచారం దక్కింది. ఫోటోలో అందరమూ పచ్చగా వచ్చాం. బంధువుల గ్రూపులో అది చూసిన మా చిన్నత్త గూడూరు నుంచి ఫోన్ చేసి, ఇంటిల్లిపాదికీ ఒక్కసారే కామెర్లు ఎలా వచ్చాయని అడిగి, ఆకుపసరు ఇచ్చే ఆయన నంబరు చెప్పింది.

ఈ ఉగాదికి గోడలకు సున్నం కొట్టించాం. అన్న కుటుంబం ఆదోని నుంచి కొత్తబట్టల్లో దిగింది. అమ్మను మధ్యలో కూర్చోమంటే, పొయ్యి మీద పాలున్నాయని గడప దగ్గరే ఒక పక్కగా కూర్చుంది. ఫ్లాష్ తల తెల్లగోడ వైపు తిప్పి నొక్కాను. వెలుతురు ఎవరికీ తక్కువ చేయకుండా అందరి మీదా పడింది.

అమ్మ ఫోటో చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. “నేనే! అచ్చం మా యమ్మ మాదిరే అయినాను సూడు!” అని వసంతకు చూపించింది, వదినకు చూపించింది, పాలు పొంగిపోయినా లేవలేదు.

ముఖంతో పాటు చీర కూడా కనబడింది. భుజం మీద మూడు అతుకులు, అందులో రెండు వేరే రంగు దారంతో వేసినవి. మా అందరి మీదా కొత్తవి పెళపెళలాడుతున్నాయి. మగ్గం ఉన్న ఇల్లు అది. ఇన్నేళ్లూ ఫోటోలో కనబడని మనిషికి చీర ఉందో లేదో చూడాలన్న అంశం సంఘం ముందుకు ఎప్పుడూ రాలేదు. నేను ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను, మళ్లీ చిన్నది చేశాను. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రెండు రోజులు ఆ ఫోటోను బంధువుల గ్రూపులో ఎవరూ పెట్టలేదు. మూడో రోజు అధ్యక్షుడి నుంచి ఉత్తర్వు వచ్చింది:

“ఫోటో శానా బాగొచ్చిందప్పా. అమ్మ ఉండే పక్క కొంచెం కత్తిరించి గ్రూపులో పెట్టు.”