వాల్టర్ బకెట్‌లో గరిటెడు పిండి

ఆ గురువారం బ్రహ్మయ్య ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్న కాగితం మీద నాలుగు పనులున్నాయి.

లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వాలి.
కారు టైర్లలో గాలి చూపించాలి.
షెడ్‌లో పదిమందికి దోసెలు పొయ్యాలి.
వాల్టర్ బకెట్ చూడాలి.

చివరిదాని కింద రెండు గీతలున్నాయి.

ఇలినాయ్‌లోని నేపర్‌విల్‌లో ఒక చర్చి వెనకున్న పాత గరాజ్‌ని రిటైరైన మగవాళ్ళు కొందరు ‘మెన్స్ షెడ్’ చేసుకున్నారు. వారానికి రెండు రోజులు చేరి చెక్కపని చేస్తారు, వంతులవారీగా వండుకు తింటారు, బీరు కాచుకుంటారు. హైవే ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు చేసి దిగిన బ్రహ్మయ్య అక్కడ ఆర్నెల్లుగా ట్రయల్ మెంబరు. నెలాఖరు శనివారం అందరూ చేతులెత్తితే పూర్తి మెంబరు అవుతాడు, చేతికి షెడ్ తాళంచెవి వస్తుంది. బీరు చుక్క ముట్టని మనిషికి, బీరు కాచడంలో అందరికీ పెద్దయిన వాల్టర్, ఒహాయోలో కూతురి దగ్గరికి వెళ్తూ తన బీరు పులుస్తున్న బకెట్ అప్పగించాడంటే అది పరీక్షే.

“మూత మీది గొట్టంలోంచి బుడగలు రావాలి. చూస్తే చాలు. ముట్టుకోకు, బ్రామ్,” అని చెప్పి వెళ్ళాడు వాల్టర్.

బుడగలు రావడం లేదు. హీటర్ ఎప్పుడాగిందో, నవంబరు చలికి షెడ్ గడ్డకట్టినట్టుంది. బ్రహ్మయ్య అక్కడే తాను చేసిన పీట మీద కూర్చుని పది నిమిషాలు ఆ గొట్టాన్నే చూశాడు. వాల్టర్ ఫోనెత్తలేదు. భార్య జయంతికి చేశాడు.

“జయా, చలికి పులవకపోతే ఏం చెయ్యాలి?”

రాత్రి తాను రుబ్బి పంపిన దోసెల పిండి గురించేననుకుంది జయంతి. “ఇంకా పులవలేదా? సంచిలో పాత పిండి డబ్బా ఉంది చూడండి. ఓ గరిటెడు వేసి కలపండి. చేత్తో కలపాలి. ఆ వేడికే పొంగుతుంది.”

“ఇంకేమైనా చెయ్యాలా?”

“ఉప్పు వెయ్యండి, నేను వెయ్యలేదు. వెచ్చగా ఏదైనా కప్పండి.”

పులియబెట్టే విషయంలో జయంతి మాట నలభై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. బ్రహ్మయ్య మోచేతి దాకా మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, మూత తీసి, గరిటెడు పిండీ పిడికెడు ఉప్పూ వేసి కలిపాడు. కారులో ఉన్న జయంతి శాలువా తెచ్చి కప్పాడు. సాయంత్రానికి గొట్టంలో బుడగ కదిలింది. బ్రహ్మయ్య బకెట్‌కి దణ్ణం పెట్టాడు.

మంగళవారం వెళ్ళేసరికి నురగ పొంగి శాలువా నిండా కారి ఉంది. తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్‌లో వేసేలోపే జయంతి ముక్కు పసిగట్టింది.

“అరవై ఎనిమిదో ఏట మొదలెట్టారా? అదీ నా శాలువా కప్పుకుని!”

“అబ్బే, నేను తాగలేదు.”

“మరి శాలువా తాగిందా?”

ఆ రాత్రే షామ్‌బర్గ్‌లో ఉన్న స్నేహితుడు, రిటైరైన డాక్టరు కృష్ణమోహన్‌కి కబురందింది. మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

“లిమిట్‌లో ఉంటే తప్పులేదురా. శాలువా ముసుగేసుకుని తాగే ఖర్మేంటి?”

“తాగలేదంటే వినవేంట్రా?”

“మొదట్లో అందరూ ఇదే అంటార్రా.”

నిజం కృష్ణమోహన్ చెవిన వేస్తే సాయంత్రానికి ఇలినాయ్ అంతా పాకుతుంది. షెడ్‌కీ తెలుస్తుంది. బ్రహ్మయ్య తలొంచుకున్నాడు. అది ఒప్పుకోలు కింద జమైపోయింది. జయంతి కారు తాళాలు తీసేసుకుని, ఆనాటి నుంచి తానే షెడ్‌కి డ్రైవ్ చేసి, పక్కనే కూర్చుని కాపలా కాసింది.

నెలాఖరు శనివారం సభకీ అలాగే వచ్చింది. ఒహాయో నుంచి తిరిగొచ్చిన వాల్టర్ ఆ బకెట్‌లోని బీరు అందరికీ పోసి, తాను ఒక గుక్క తాగాడు. ముఖం పాలిపోయింది.

“బాగుంది వాల్టర్, కొత్తగా ఉంది,” అన్నారు మిగతావాళ్ళు.

“జాలిపడకండి. నాకు పులుపు తగుల్తోంది. ఉప్పు తగుల్తోంది. నేను ఉప్పెయ్యలేదు. నేను వేసుకునే మందులు నాలుకని దెబ్బతీస్తాయని మా డాక్టర్ ముందే చెప్పాడు.” కలిపే చెక్క తెడ్డుని బల్ల మీద పెట్టేశాడు. “నలభై ఏళ్ళు కాచాను. ఇక చాలు.”

ఛైర్మన్ గొంతు సవరించుకుని, బ్రహ్మయ్య మెంబర్‌షిప్‌కి చేతులెత్తమన్నాడు. చేతులు లేస్తున్నాయి. ఇంకో క్షణం నోరు మూసుకుంటే తాళంచెవి అతనిదే.

“ఆగండి,” అన్నాడు బ్రహ్మయ్య. “వాల్టర్, నీ నాలుకకేం కాలేదు. ఉప్పు నేను వేశాను. పులుపు మా ఆవిడ పిండిది. కలిపిన చెయ్యి ఇదిగో.”

లేచిన చేతులన్నీ దిగిపోయాయి.

“ఆ రోజు నన్నడిగింది బీరు గురించా?” జయంతి తెలుగులోనే అరిచింది. “మరి శాలువా?”

“కప్పమన్నావుగా.”

వాల్టర్ ఎవరినీ చూడలేదు. గ్లాసెత్తి ఇంకో గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. “ఆ పిండిలో... ఏదో పప్పు ఉందా?”

“మినప్పప్పు,” అంది జయంతి.

“అనుకున్నా!” వాల్టర్ బల్ల గుద్దాడు. “అనుకున్నా, దొరికింది! బతికే ఉంది నా నాలుక!” కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, తెడ్డు మళ్ళీ చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి పైకెత్తాడు. దాని వెనకే మిగతావన్నీ లేచాయి.

మీరు బ్రహ్మయ్యని మరిచిపోయినా పరవాలేదు, వాల్టర్‌ని మాత్రం గుర్తుంచుకోండి. బకెట్ పాడుచేసినవాడి కోసం అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయన. మర్నాడే వెళ్ళి బకెట్‌కి తాళం కొన్నదీ ఆయనే.