పెండింగ్ లేని శాఖ

నెలాఖరు నాటికి తమ శాఖలో ఒక్క ఫైలు కూడా పెండింగ్‌లో ఉండబోదని ప్రజా వినతుల శాఖ మంత్రిగారు పత్రికలవారి సమక్షంలో ప్రకటించారు. ఏ నెలాఖరో చెప్పమని ఒక విలేఖరి అడిగితే, ఈ నెలాఖరేనని కూడా సెలవిచ్చారు. పక్కనే నిలబడి ఉన్న డైరెక్టరుగారి గుండెల్లో రాయి పడింది. ముఖం మీది చిరునవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. సర్వీసంతా వెచ్చించి ఆయన సాధించిన చిరునవ్వు అది.

"కంప్యూటర్ వచ్చాక కూడా ఫైలు ఆగిందంటే ఆపింది మనిషే. ఆ మనిషిని నేను ఆపేస్తాను" అన్నారు మంత్రిగారు. విలేఖరులు శ్రద్ధగా రాసుకున్నారు. అర్థమేమిటని ఎవరూ అడగలేదు.

ఆ నెలాఖరుతో డైరెక్టరుగారికి మరొక సంబంధం ఉంది. ఆయన పదవీ విరమణ చేయవలసినది ఆ రోజే. సర్వీసును మరో రెండేళ్లు పొడిగించమని ఆయన పెట్టుకున్న విజ్ఞప్తి మంత్రిగారి ఆమోదం కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. ఆఫీసులో ఆయన అడుగు వినబడితే వరండా సర్దుకుంటుంది. ఇంట్లో ఆయన అడుగు వినబడితే, చెప్పులు బయట విప్పమంటారు. ఈ తేడా తెలిసినవాడు కనుకనే ఆయన రెండేళ్లు అడిగారు.

మంత్రిగారి గదిలో గోడకు ఒక పెద్ద తెర ఉంది. పెండింగ్ ఫైళ్ల సంఖ్య రాత్రింబవళ్లు దాని మీద వెలుగుతూ ఉంటుంది.

"ఏమయ్యా డైరెక్టరూ, అదేమిటి అంత ఎర్రగా ఉంది?"

"పెండింగ్ సంఖ్య సార్. నలభై వేల చిల్లర."

"చిల్లర సంగతి నేనడగలేదు. ఎరుపెందుకని అడిగాను."

ఆ సాయంత్రానికల్లా ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. దీన్ని శాఖ సాధించిన తొలి విజయంగా పేర్కొంటూ ఒక సర్క్యులర్ వెలువడింది. మర్నాడు మంత్రిగారు తెరను మళ్లీ తేరిపార చూశారు.

"రంగు బాగుంది. ఇక అంకె మార్చు. సున్నా కనబడిందా, నీ పొడిగింపు నా చేత్తో నేనే ఇస్తాను. ఆ తరవాత ఒక్కటంటే ఒక్కటి కనబడిందో, అప్పటికప్పుడు సస్పెండ్ చేస్తాను. ఇదే తెర పై పెద్దలందరి గదుల్లోనూ పెట్టించాను, చూసుకో."

డైరెక్టరుగారు తమ గదికి వచ్చి, కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటరమ్మను పిలిపించారు.

"ఏమ్మా, ఈ అంకె తగ్గాలంటే ఏం చెయ్యాలి?"

"ఫైళ్లు పరిష్కరించాలి సార్."

డైరెక్టరుగారు ఆమె వంక జాలిగా చూశారు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కనుక ఆమెలో ఇటువంటి నమ్మకాలు కొన్ని మిగిలి ఉన్నాయి.

"అది సరేలే. ఇంకో దారి?"

"డిలీట్ చెయ్యొచ్చు సార్."

"ప్రభుత్వ రికార్డమ్మా అది. నాశనం చేస్తే ఇద్దరం ఇంటికి పోతాం."

"నాశనం కావు సార్. రీసైకిల్ బిన్‌లోకి పోతాయి. అక్కడే భద్రంగా ఉంటాయి."

"ఉంటే లెక్కలోకి వస్తాయిగా?"

"రావు సార్. ఉంటాయి, లెక్కలోకి రావు."

"మళ్లీ కావాలంటే?"

"రిస్టోర్ అని నొక్కితే ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి."

డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ఫైలును ఔనంటే ఆడిట్‌వారు అడుగుతారు, కాదంటే కోర్టువారు అడుగుతారు. ఔనుకూ కాదుకూ అతీతమైన చోటు ఒకటి ఎక్కడో ఉండే ఉంటుందని ఆయన చిరకాలంగా విశ్వసిస్తూ వచ్చారు. 'చర్చించండి', 'పూర్వపు ఫైలు జతచేసి తిరిగి సమర్పించండి' అంటూ ఆయన రాసిన వేలాది నోట్లు ఆ చోటును వెతుక్కుంటూ సాగిన యాత్రలే. అది చిన్న చెత్తబుట్ట బొమ్మ రూపంలో ఇన్నాళ్లూ తన బల్ల మీదే ఉన్నదని ఇవాళ తెలిసింది.

"ఎంతసేపు పడుతుంది?"

"సెలెక్ట్ ఆల్ కొట్టి డిలీట్ నొక్కడమే సార్. క్షణం."

"క్షణంలో చేస్తే అనుమానిస్తారు. ముందు కమిటీ వెయ్యాలి."

డైరెక్టరుగారి అధ్యక్షతన కమిటీ ఏర్పడింది, టీ తాగింది, డిలీట్ అనేది ఒకవిధమైన పరిష్కారమేనని తీర్మానించింది. ఆపరేటరమ్మ మీట నొక్కింది. తెర మీద ఆకుపచ్చని సున్నా ఉదయించింది.

సున్నాకు ప్రారంభోత్సవం జరిగింది. మంత్రిగారు తెరకు అడ్డంగా కట్టిన రిబ్బను కత్తిరించారు. ఇతర శాఖల అధికారులు బృందాలుగా వచ్చి సున్నాను దర్శించి, దాని గుండ్రదనాన్ని మెచ్చుకుని వెళ్లారు. కొత్తగా వచ్చే వినతులకు రసీదులిచ్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించకుండా పక్కన పెట్టసాగారు. కౌంటరు దగ్గరకు ఒక పెద్దాయన వచ్చి తన ఫైలు సంగతి విచారించాడు.

"మీ ఫైలు పెండింగ్‌లో లేదండీ" అన్నాడు గుమాస్తా.

"అంటే పనైపోయినట్టేనా బాబూ?"

"పెండింగ్‌లో లేదండీ."

పెద్దాయన గుమాస్తాకు దణ్ణం పెట్టి సంతోషంగా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర డైరెక్టరుగారు ఈ విశేషాలన్నీ భార్యకు వర్ణించి చెప్పారు. ఆవిడ సావధానంగా విని, మజ్జిగ పోస్తూ అడిగారు.

"మరి మీ పొడిగింపు సంగతేమైందండీ?"

"రేపో మాపో అయిపోతుందోయ్. అదొక్కటేగా పెండింగ్."

"పెండింగ్‌లేవీ లేవని టీవీలో చెప్పారే?"

నోటి దగ్గరి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. మజ్జిగ అట్లాగే వదిలేసి ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు.

మర్నాడు ఆపరేటరమ్మ బిన్ తెరిచి చూసింది.

"ఉంది సార్, మీ ఫైలు ఇక్కడే క్షేమంగా ఉంది. రిస్టోర్ చెయ్యమంటారా?"

"చెయ్యి. ఆగాగు. చేస్తే ఏమవుతుంది?"

"పెండింగ్ ఒకటి అవుతుంది సార్."

సున్నా నిలిస్తే విరమణ, ఒకటి వస్తే సస్పెన్షను. గణితంలో ఇంత ఇరుకైన సందు ఉంటుందని డైరెక్టరుగారికి కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

"బిన్‌లో ఉండగానే ఆమోదం ఇవ్వడం కుదరదా?"

"బిన్‌లో ఫైలు తెరుచుకోదు సార్."

"పోనీ ఆ తెర కాసేపు ఆపేస్తే?"

"ఇక్కడ ఆపినా పై గదుల్లో ఆగదు సార్. అంకె సర్వర్ నుంచి వస్తుంది."

"అయితే ఆ సర్వర్‌తో మాట్లాడు."

"అది మిషను సార్."

"మిషనే అనుకో. అక్కడ మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో."

ఆపరేటరమ్మ ఇంకో ఉపాయం చెప్పింది. "తెర మీద అంకె నిమిషానికోసారి రిఫ్రెష్ అవుతుంది సార్. ఆ నిమిషం లోపల ఫైలు రిస్టోర్ చేసి, మంత్రిగారు అప్రూవ్ నొక్కేస్తే ఒకటి ఎవరికీ కనబడదు."

నిమిషంలో నిర్ణయం. శాఖ చరిత్రలో ఇటువంటి అఘాయిత్యం జరిగిన దాఖలా లేదు. అయినా గత్యంతరం లేక డైరెక్టరుగారు వెళ్లి మంత్రిగారి కాళ్లావేళ్లా పడ్డారు. మంత్రిగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. మౌస్ ముట్టి ఎరగరు కనుక రిహార్సల్స్ ఏర్పాటయ్యాయి. మొదటి రోజున పి.ఎ. ఆయన చెయ్యి పట్టుకుని నడిపించాడు. రెండో రోజుకు మంత్రిగారు ఖాళీ ఫైళ్లను ఎవరి సాయమూ లేకుండా ఆమోదించే స్థాయికి చేరుకున్నారు.

"సంతకం కన్నా ఇదే నయమయ్యా. చదివే బాధ లేదు."

"సంతకానికి కూడా తమరు చదివేవారు కాదు కద సార్" అన్నాడు పి.ఎ. వినయంగా.

"అవుననుకో. అప్పుడు చదవలేదే అని ఒక బాధ ఉండేది."

నెలాఖరు సాయంత్రం గది నిండా విలేఖరులు. మంత్రిగారు స్వహస్తాలతో కంప్యూటర్ నడపబోతున్నారని వారికి ముందే కబురు వెళ్లింది. ఆపరేటరమ్మ రిస్టోర్ నొక్కబోయింది.

"ఆగమ్మా. ఫోటోలో నీ చెయ్యి పడుతుంది. అది కూడా నేనే నొక్కుతాను."

"ఒక్క ఫైలునే ఎంచుకోవాలి సార్. కింద రిస్టోర్ ఆల్ అని ఉంటుంది, అది మాత్రం..."

మంత్రిగారు కెమెరాల వైపు చూసి నవ్వుతూ నొక్కారు. జాబితా వరదలా పొంగుకొచ్చింది. నలభై వేల చిల్లర ఫైళ్లూ ఎక్కడివక్కడికి చేరుకున్నాయి. గోడ మీది సున్నాకు అప్పటికే సగం నిమిషం ఆయుష్షు చెల్లిపోయింది.

"సెలెక్ట్ ఆల్ అంటే అన్నీనా?" అన్నారు మంత్రిగారు, తెర మీది అక్షరాలు కూడబలుక్కుంటూ.

"అన్నీ సార్" అంది ఆపరేటరమ్మ.

"మరి ఆలస్యమెందుకు?"

ఆయన నొక్కారు. తరవాత అప్రూవ్ నొక్కారు. సున్నా మెరిసింది గానీ చెరగలేదు. కెమెరాలు తళుక్కుమన్నాయి.

నిమిషంలోపు నలభై వేల నిర్ణయాలని పత్రికలన్నీ వేనోళ్ల కొనియాడాయి. ఉమ్మడి గోడ తనదంటే తనదని కొట్టుకుంటున్న ఇరుగుపొరుగులిద్దరికీ అదే గోడ దక్కింది. బస్టాపును వీధి ఈ చివరికి మార్చమన్నవారూ ఆ చివరికి మార్చమన్నవారూ ఒకే రోజున మంత్రిగారికి కృతజ్ఞతలు తెలిపారు. ఒక ఓవర్సీయరుకు డిస్మిస్ ఉత్తర్వూ ప్రమోషన్ ఉత్తర్వూ ఒకే కవరులో అందాయి. ఆయన పై హోదాలో ఇంట్లో ఉన్నాడు.

ఆ నెలాఖరు మర్నాడు ఉదయమే డైరెక్టరుగారి బల్ల మీదికి రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది ఆయన సర్వీసును రెండేళ్లు పొడిగిస్తున్నట్టు. ఆయన దాన్ని మూడుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, రెండోది తీశారు. ఎంత విచారించినా ప్రజా వినతుల శాఖ చేసే పనేమిటో తెలియరాలేదు గనుక శాఖను తక్షణమే రద్దు చేయవచ్చునని, ఏనాటిదో ఒక పొదుపు కమిటీ సిఫారసు చేసి ఉంది. మంత్రిగారు ఆమోదించి ఉన్నారు.

ఆయన రెండూ పట్టుకుని మంత్రిగారి గదికి వెళ్లారు. మంత్రిగారు రెండో కాగితాన్ని పూర్తిగా చదివారు. ఆయన ఒక కాగితాన్ని పూర్తిగా చదవడం పి.ఎ. గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇది నేనే చేశానా?"

"తమరే సార్. పత్రికల్లో ఫోటో కూడా పడింది."

"దీన్ని రద్దు చెయ్యాలంటే?"

"కొత్తగా ఫైలు పెట్టాలి సార్."

"పెడితే?"

"పెండింగ్ ఒకటి అవుతుంది సార్."

ఇద్దరూ గోడ వైపు చూశారు. సున్నా నిండుగా, పచ్చగా వెలుగుతోంది.

"అయితే వద్దులే" అన్నారు మంత్రిగారు. "నీ పొడిగింపు నీకుంది కదా. వెళ్లి పని చూసుకో."

డైరెక్టరుగారు వినయంగా వంగి నమస్కరించి బయటికి వచ్చారు. కౌంటరు ముందు అప్పటికే వరస కట్టి ఉంది. ముందున్న ఆవిడ దగ్గర నుంచి వినతిపత్రాన్ని ఆయన స్వయంగా అందుకుని, తేదీ ముద్ర వేయించి, రసీదు ఇప్పించారు.

"మా పని ఎన్నాళ్లకవుతుంది సార్?" అని అడిగింది ఆవిడ.

"మా శాఖలో పెండింగనేది లేదమ్మా" అన్నారు డైరెక్టరుగారు.