ఎనిమిదింటి నిద్ర

పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ నిద్రపోవాలని లెక్కల మాస్టారు నిర్ణయించారు. సెలవు రోజు కావడంతో ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

కారణం దొరసాని. అంటే మాస్టారి పిల్లి. ఏదో గండుపిల్లి కరిచిన చోట చీము పట్టి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడిపోయింది. మాత్రలతో లొంగే దశ దాటిందని పశువుల డాక్టరు రోజుకొకటి చొప్పున అయిదు ఇంజెక్షన్లు రాశారు. మూడు ఆసుపత్రిలోనే వేశారు. తర్వాత ఆయన ఊరెళుతూ మిగిలిన రెండు మోతాదులూ సిరంజిల్లో నింపి ఇచ్చి, మెడ వెనక వదులు చర్మం ఎలా పైకి లాగాలో చూపించారు.

"పొద్దున్న ఎనిమిదింటికే వెయ్యాలి, టైము తప్పనివ్వకండి మాస్టారూ. మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుంది. అప్పుడిక నా చేతుల్లో ఉండదు."

ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని గడగడలాడించిన మనిషి, మూడు రోజులుగా కంటిమీద కునుకు లేకుండా దాని ఊపిరి లెక్కపెడుతున్నారు. అది పోతుందేమోనని ఆయనకు భయం.

చిక్కేమిటంటే, సిరంజి కనపడితే చాలు, దొరసాని ఆ జ్వరంలోనే బీరువా ఎక్కేస్తుంది. నిద్రలో ఉండగా వెయ్యాలి. ఇంట్లో ఒక్కరు మెలకువగా ఉన్నా అది పడుకోదు.

"అయితే అందరం పడుకుందాం బావా," అన్నాడు బావమరిది. ఆ పనిలో అతనికి మంచి అనుభవం ఉంది.

ఏడున్నరకి కర్టెన్లు వేశారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని, చల్లదనం పోవడానికి, మూతతోనే గుప్పిట్లో పట్టుకుని మాస్టారు చాప మీద వాలారు. పక్కన ఇల్లాలు, ఆ పక్కన బావమరిది. నీలం కర్టెన్లలోంచి వచ్చిన వెలుతురు గదిలో నీళ్ళలా నిలిచింది. దొరసాని బీరువా మీంచి ఒక్కొక్కరినే పరిశీలిస్తోంది.

ఇంతలో పాలాయన తలుపు తోశాడు. "అమ్మా, పా..."

"ష్! పడుకో," అన్నాడు బావమరిది కళ్ళు తెరవకుండానే.

"నేనా?"

"నువ్వే. పిల్లి చూస్తోంది."

తెల్లారకముందే లేచే పాలాయనకి ఆ మాట చెప్పిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు. క్యాను పక్కనే ఒరిగి, నిమిషంలో గుర్రు పెట్టాడు. తర్వాత కుళాయి బాగుచెయ్యడానికి ప్లంబరు వచ్చాడు. ఇల్లాలు వేలితో సోఫా చూపించింది. అతనూ పానా గుండెలమీద పెట్టుకుని కళ్ళు మూశాడు.

మాస్టారు మాత్రం దొంగనిద్రే పోతున్నారు. తన ఊపిరి లెక్కపెడుతూ నలభై దాకా వచ్చారు. నలభై ఒకటి ఎటో తేలిపోయింది. చాప కదిలినట్టయింది. నీలం నీళ్ళ మీద చాప వెళుతుంటే, అంకెలన్నీ ఒక్కొక్కటే ఒడ్డున దిగిపోతున్నాయి. ఆయన వాటిని ఆపలేదు.

పక్కింటి టైలరమ్మ కిటికీ కర్టెన్ల సందులోంచి తొంగి చూసింది. అయిదుగురు మనుషులు, ఎక్కడివాళ్ళక్కడ. "గ్యాసు లీకయింది! అందరూ పడిపోయారు!" అని ఫోను చేసేసింది.

అంబులెన్సు మోతకి నలుగురు లేచారు. మాస్టారు లేవలేదు. ఇద్దరు మనుషులు ఆయన్ని స్ట్రెచరు మీదికి ఎత్తి, కాళ్ళదాకా దుప్పటి కప్పారు. వాళ్ళతో వచ్చిన నర్సు ఆయన గుప్పిట విప్పింది.

"ఏం ఎక్కించుకున్నాడీయన?"

"ఆయనకి కాదమ్మా, పిల్లికి!" అంది ఇల్లాలు.

"ఏ పిల్లికి?"

అందరూ బీరువా కేసి చూశారు. అక్కడ ఏ పిల్లీ లేదు.

బావమరిది విడమరిచి చెప్పబోయాడు. "మేమంతా ఆ పిల్లిని పడుకోబెట్టడానికే పడుకున్నామండీ."

"ఇతని తలకి కూడా ఎక్కినట్టుంది. ఆక్సిజన్ పెట్టండి," అంది నర్సు.

మాస్కు బిగించాక అతను ఇంకేం చెప్పాడో ఎవరికీ తెలియదు.

అప్పుడు స్ట్రెచరు మీద దుప్పటి కదిలింది. నర్సు ఎత్తి చూస్తే, మాస్టారి పాదాల మధ్య ముడుచుకుని దొరసాని గాఢనిద్రలో ఉంది. దొంగనిద్రకి అది మోసపోలేదు. ఆయనకి నిజంగా నిద్ర పట్టాక, ఆ గొడవలో ఎప్పుడు దిగిందో, తనంతట తనే దిగొచ్చి ఆయన దగ్గర పడుకుంది.

ఇల్లాలు పరుగున డాక్టరు చీటీ తెచ్చింది. నర్సు రెండుసార్లు చదివి, గడియారం చూసింది. ఎనిమిదీ పది. చర్మం పైకి లాగి సూది దించింది. దొరసాని ఒక చెవి మాత్రం ఆడించింది.

మాస్టారు ఉలిక్కిపడి లేచారు. "టైమయిందా?"

"అయిపోయిందండీ," అంది ఇల్లాలు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు ఆఖరి మోతాదుకి నర్సు తనే వచ్చింది. అప్పటికే సగం వీధి దిండ్లతో సహా వచ్చి హాల్లో నిద్రపోతోంది. మాస్టారి కాళ్ళ దగ్గర దొరసాని ఒళ్ళు చల్లగా ఉంది. సూది దిగింది, మందు వెళ్ళింది. మరుక్షణం దొరసాని నర్సు ముంజేతి మీద మూడు నిలువు గీతలు గీసి, ఒక్క దూకులో బీరువా ఎక్కి కూర్చుంది.

"మందు పనిచేసిందమ్మా," అన్నారు మాస్టారు ఆనందబాష్పాలతో, నర్సు చేతికి దూది అద్దుతూ.