నాలుగు గాడిదల చదరంగం

ఆ పొద్దున జంగయ్య వేసుకున్న ఆలోచన చిన్నది. ఫిలింనగర్ షూటింగ్ ఫ్లోరులో తొమ్మిదింటికల్లా ముప్ఫై రెండు టేకు పావులూ బల్లమీద పేర్చి, చాయ్ తాగి, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని ఓ మూల నిలబడాలి. మూడేళ్లుగా ఆ చెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఇంట్లో భార్య కౌసల్యకు తప్ప మరొకరికి తెలియదు. పోయిన నెలలో రంగులేసే పెద్దాయన చేతిలో కుంచె అదిరితే, మేనేజరు వెంకటరామయ్య ఆయన్ని మధ్యాహ్నం అన్నానికి కూడా ఉండనివ్వలేదు. యాభై ఎనిమిదేళ్ల వడ్రంగిని ఈ కంపెనీ వద్దంటే పిలిచే కంపెనీ ఇంకోటి లేదు.

చివరి గుర్రానికి జూలు సరిచేస్తుండగా ఉలి జారింది. జూలు ఊడింది, మూతి మొద్దుబారింది. చెవులు మాత్రం నిక్కబొడుచుకుని మిగిలాయి. సరిగ్గా అప్పుడే దర్శకుడు రాఘవేంద్ర వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంటయ్యా?"

"గాడిద సార్," అన్నాడు జంగయ్య, చెయ్యి జేబులోకి దోపుతూ.

"చదరంగంలో గాడిదేంటి?"

"మా ఊరి ఆటల గిదే ఉంటది సార్. ముంగటికి పోదు. ఎనకకొస్తే తంతది."

జంగయ్య జన్మలో చదరంగం ఆడలేదు. చిన్నప్పుడు ఆడింది పులి-మేక. గాడిదల జ్ఞానం ఇటుకబట్టీ దగ్గర అబ్బింది. రాఘవేంద్ర మాత్రం ఆ మాటకు మురిసిపోయాడు. తీస్తున్నది జానపదం, ఇద్దరు రాజులు తలలు పందెం కట్టి ఆడే ఘట్టం. దాన్ని నాలుగో నాటికి వాయిదా వేసి, నియమాలన్నీ రాయించమన్నాడు.

సహాయ దర్శకురాలు నిహారిక రాసింది, జంగయ్య చెప్పాడు. వీపున బంటును ఎక్కిస్తే గాడిద రెండు గళ్లు నడుస్తుంది, దించితే కదలదు. దాని తన్ను తిన్న పావు చావదు, బయల్దేరిన గడికి పోతుంది. కాగితం అడుగున నిహారిక "ఆట రూపకల్పన: జంగయ్య" అని రాసింది. ముప్ఫై ఏళ్లలో అతని పేరు ఎక్కడా పడలేదు. వద్దనడానికి నోరు రాలేదు. విరిగిన గాడిద ఒకటే కనుక మిగిలిన మూడు గుర్రాలనూ ఆ రాత్రే పనిగట్టుకుని విరిచాడు.

మర్నాడు హీరో మనిషి వచ్చి, సారు రాజును చంపడం కుదరదన్నాడు, అభిమానులు ఊరుకోరట. జంగయ్య ఆ రాజుకు చావు తీసేశాడు. ప్రతినాయకుడు పక్క భాషలో హీరో; అతని రాజుకూ తీసేశాడు. కథానాయిక గీతిక తరఫువాళ్లు మంత్రిని రాణి చేయించారు, రాణి పడిపోకూడదన్నారు. ఏనుగు నిర్మాత కంపెనీ గుర్తు. ఒంటెలను చూసి గీతిక ముచ్చటపడింది. బంటులు జనం, జనం చస్తే విశ్రాంతికి ముందు ఏడుపవుతుందని రాఘవేంద్రే అన్నాడు. మాట వచ్చినప్పుడల్లా జంగయ్య ఒక వాక్యం కలిపాడు, అందరూ భేషన్నారు.

"బాబాయ్, మరి చచ్చేదెవరు?" అంది నిహారిక.

"గాడిద ఉన్నది గద బిడ్డా. దాని తరఫున ఎవరొస్తరు?"

నాలుగో నాడు రాఘవేంద్ర నటన వద్దన్నాడు. నిజంగా ఆడాలి, ఓడినవాడి ముఖంలో ఓటమి దానంతటదే రావాలి. మూడు కెమెరాలు తిరిగాయి. పదకొండుకల్లా నాలుగు గాడిదలూ చచ్చాయి. మిగిలిన ఇరవై ఎనిమిదీ చిరంజీవులు. మధ్యాహ్నం దాటినా ఎవరూ గెలవలేదు, ఓడలేదు. నాలుగింటికి హీరో గడ్డం పీకేసి కారెక్కాడు. ప్రతినాయకుడు విమానానికి పోయాడు. వాళ్లిద్దరూ మళ్లీ ఒకేసారి దొరికేది ఆరు నెలల తర్వాత.

సాయంత్రం జూబ్లీహిల్స్ ఆఫీసులో పంచాయతీ. తప్పెవరిదని నిర్మాత అడిగాడు. హీరోది అనలేరు. ప్రతినాయకుడిది అనలేరు. గీతిక పేరు ఎత్తనే ఎత్తరు. దర్శకుడు సినిమా సగంలో ఉన్నాడు, అతన్ని తీసేయలేరు. కంపెనీ ఏనుగు బొమ్మ గోడమీద నుంచి చూస్తోంది. చూపులన్నీ గది చుట్టూ తిరిగి, తలుపు దగ్గర నిలబడినవాడి మీద ఆగాయి.

జంగయ్యకు ఆట అర్థమైంది.

వెంకటరామయ్య నియమాల కాగితం ముందుకు తోశాడు. "కింద ఉన్నది నీ పేరేగా?"

"నాదే సార్."

రేపటినుంచి రాననీ, ఇది తన ఇష్టంతోనే అనీ ముందే రాసి ఉంచిన ఇంకో కాగితం వచ్చింది. జంగయ్య జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. ఇక దాచవలసింది ఏమీ లేదు. కలం పట్టి, ఐదో తరగతి పంతులు నేర్పిన గుండ్రటి అక్షరాలతో నిదానంగా సంతకం చేశాడు.

వెంకటరామయ్య కళ్లజోడు సవరించుకుని దాన్ని చూశాడు. "ఈ వయసులో కూడా చెయ్యి భలే నిలకడయ్యా నీది," అన్నాడు.

మూడేళ్లుగా జంగయ్య ఈ ఆఫీసులో వినాలని మొక్కుకున్న మాట అదొక్కటే.